‘ఎందుకు’ అని అడగని తండ్రి: పిల్లల పెంపకముపై మన బోధ – ఒక విమర్శ

పిల్లల పెంపకమును గూర్చి మన సంఘములలో బోధ తక్కువని ఎవరూ అనలేరు. వేసవిలో వి.బి.యస్. ముగింపు కూటములు, నవంబరులో బాలల ఆదివారము, మధ్యలో కుటుంబ సదస్సులు, ఉజ్జీవ కూటములలో తల్లిదండ్రులకని కేటాయించిన ఒక రాత్రి: ఏడాది పొడుగునా ఏదో ఒక సందర్భము వస్తూనే ఉంటుంది. అయితే ఆ బోధలో వినబడే లేఖన భాగములు వ్రేళ్ళమీద లెక్కపెట్టదగినవి. సామెతలు 13:24, 22:6, 22:15. ఏలీ కుమారుల కథ. సమయముంటే ఎఫెసీయులకు 6:1. ఆ అధ్యాయములో మొదటి వచనము దగ్గర మొదలై నాలుగవ వచనము వరకు వెళ్ళే ప్రసంగములు అరుదు. పిల్లలు విధేయులై ఉండవలెనన్న చోట ఆమేన్ పలికి, తండ్రులకు చెప్పిన మాట చేరకముందే ముగింపు ప్రార్థనలోనికి వెళ్ళిపోతాము.

ఈ బోధ ఏ లేఖనముల మీద నిలబడినదో ఆ లేఖనములే దానిని పూర్తిగా సమర్థించవని మా అభిప్రాయము. అంతేగాక, వినే కుటుంబములు ఏ స్థితిలో ఉన్నవో చూడకుండ సాగుతున్న బోధ ఇది. ఇది వ్రాసేటప్పుడు మా కళ్ళ ముందు ఉన్నవి పెదకాకాని, దాని చుట్టుపక్కల పత్తి, మిరప పొలముల మధ్యనున్న గ్రామముల సంఘములు. జాతీయ రహదారికి ఒకవైపు మల్లేశ్వరస్వామి గుడి, బాజీబాబా దర్గా, కొద్ది దూరములో నంబూరు వద్ద 1976లో ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయము, ఎటు వెళ్ళినా రెసిడెన్షియల్ కళాశాలల బోర్డులు. ఆ బోర్డుల వెనుక నల్లరేగడిలో కూలికి వంగిన తల్లులు. ఈ రెండింటి మధ్య పెరుగుతున్న పిల్లలను గూర్చియే మనము ప్రసంగిస్తున్నాము.

బెత్తము అను మాట

మన సంఘములలో నేటికిని చదువబడుతున్న పాత అనువాదములో సామెతలు 13:24 ‘బెత్తము’ అను మాటతో మొదలవుతుంది. తెలుగువానికి బెత్తము అనగానే కండ్లముందు కనబడేది బడిపంతులు చేతిలోని సన్నని కర్ర. హెబ్రీలో అక్కడ ఉన్న మాట షేవెట్. ఈ మాటకు కర్ర, కాపరి కర్ర, రాజదండము, చివరకు గోత్రము అను అర్థములు కూడ ఉన్నవి. 23వ కీర్తన నాలుగవ వచనములో కాపరి చేతిలో ఉన్నదియు షేవెట్టే. అక్కడ మన అనువాదకులు ‘దుడ్డుకఱ్ఱ’ అన్నారు. ఆదికాండము 49:10లో యూదా చేతిలో ఉన్నది కూడ అదే. అక్కడ అది ‘దండము’ అయినది. ఒకే మాట కాపరి చేతిలో ఆదరణగాను, రాజు చేతిలో అధికారముగాను, తండ్రి చేతిలో మాత్రము బడి బెత్తముగాను మారినది. అనువాదకులను తప్పుపట్టుటకు మేము ఈ మాట అనడము లేదు. సందర్భమునుబట్టి మాటను ఎంచుకొనుట వారి పని. ఎంచుకున్న మాట వినేవాని మనస్సులో ఏ బొమ్మ గీస్తుందో చూచుకొనుట మన పని.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. షేవెట్ అంటే కాపరి కర్ర గనుక సామెతలలో దెబ్బల మాటే లేదని వాదించే వారు ఈ మధ్య కనబడుతున్నారు. ఆ వాదన నిలువదు. సామెతలు 23:13, 14 వచనములు కొట్టుటను గూర్చియే చెప్పుచున్నవి. నిర్గమకాండము 21:20లో యజమానుడు దాసుని కొట్టి చంపే కర్ర కూడ షేవెట్టే. కఠినమైన వాక్యమును మెత్తగా చేసి తప్పించుకొనుట వ్యాఖ్యానము కాదు. కాని సామెత ధర్మశాస్త్రపు ఆజ్ఞ వంటిది కాదన్న సంగతి మొదటి సంవత్సరపు విద్యార్థికి కూడ తెలుసు. అదే గ్రంథము 17:10లో బుద్ధిమంతునికి ఒక్క గద్దింపు చేసే పని బుద్ధిహీనునికి నూరు దెబ్బలు కూడ చేయలేవని చెప్పుచున్నది. కర్రను గూర్చిన సామెతను ఆజ్ఞగాను, దెబ్బల నిష్ఫలత్వమును గూర్చిన సామెతను అలంకారముగాను చదవడానికి మనకు అధికారము ఎక్కడిది?

13:24 రెండవ భాగములో ఇంకొక నష్టము జరిగినది. కుమారుని ప్రేమించువాడు ఏమి చేయును? హెబ్రీలో షిహరో మూసార్. మొదటి మాటలోని ధాతువునకు పెందలకడనే వెదకుట, శ్రద్ధగా వెంటబడి వెదకుట అను భావము ఉన్నది. మూసార్ అంటే ఉపదేశము, దిద్దుబాటు, క్రమశిక్షణ. అంటే తండ్రి తెల్లవారుజామున లేచి దేనికొరకో వెదకినట్టు కొడుకు దిద్దుబాటు కొరకు శ్రద్ధపడును అన్న చిత్రము అక్కడ ఉన్నది. తెలుగులో ఇదంతయు ‘శిక్షించును’ అను ఒక్క క్రియలో ఇమిడిపోయినది. వెదకుట పోయి శిక్ష మిగిలినది. విచిత్రమేమంటే సామెతలు 1:8లో ఇదే మూసార్ ‘ఉపదేశము’గా అనువదించబడినది. మొదటి అధ్యాయములో తండ్రి ఉపదేశించుచున్నాడు, పదమూడవ అధ్యాయములో అదే తండ్రి శిక్షించుచున్నాడు. మూలములో అతడు చేయుచున్నది ఒకటే పని.

‘శిక్ష’ అను మాట చరిత్ర కూడ ఇక్కడ కలిసి వచ్చినది. సంస్కృతములో శిక్ష అంటే నేర్పుట, నేర్చుకొనుట. ఉపాధ్యాయ శిక్షణ, శిక్షకుడు అన్న మాటలలో ఆ అర్థము నేటికిని బ్రతికియున్నది. కాని మన ఊళ్ళలో శిక్ష అంటే జైలు శిక్ష, గుంజీళ్ళు, ఎండలో నిలబెట్టుట. ఎఫెసీయులకు 6:4లో గ్రీకు మాట పయిడెయియా. దానికి తెలుగులో ‘శిక్ష’ అని ఉన్నది. 2 తిమోతికి 3:16లో లేఖనము దేనికి ప్రయోజనకరమో చెప్పే పట్టికలో ఉన్న మాట కూడ అదే; అక్కడ లేఖనము మనలను కొడుతుందని ఎవరమూ అనుకొనము. అపొస్తలుల కార్యములు 22:3లో పౌలు గమలీయేలు పాదములయొద్ద పొందినదానికి వాడిన క్రియ కూడ ఇదే ధాతువునుండి పుట్టినది. తెలుగులో ‘శిక్షితుడు’ అని చక్కగా ఉన్నది. హెబ్రీయులకు 12వ అధ్యాయములో ఈ మాట కొరడాతో కలిసి వచ్చునన్నది నిజమే. అక్కడ శ్రమలను సహించుచున్న పెద్దవారిని గూర్చి మాట్లాడుచున్నాడు, బడి పిల్లలను గూర్చి కాదు. ఎఫెసీ పత్రికను ప్రసంగించేటప్పుడు కనీసము ఒక్క వాక్యములోనైనా ‘శిక్ష అంటే ఇక్కడ శిక్షణ’ అని చెప్పుట కాపరి బాధ్యత. సంఘములో కూర్చున్న తండ్రికి నిఘంటువు ఉండదు.

అదే వచనములోని ‘పెంచుడి’ అన్న మాటకు ముందటి అధ్యాయములో తోబుట్టువు ఉన్నది. 5:29లో మనుష్యుడు తన శరీరమును పోషించుకొనును అనుచోట పౌలు వాడిన క్రియనే ఇక్కడ పిల్లల విషయములో వాడినాడు. తన దేహమును ఎవడు బెదిరించి పెంచును? ఆకలివేస్తే అన్నము పెడతాడు, నొప్పి పుడితే తడుముకుంటాడు. రోమా చట్టము కుటుంబముపై తండ్రికి దాదాపు హద్దులేని అధికారమిచ్చిన కాలములో, ఆ తండ్రిని సభలో కూర్చుండబెట్టి పిల్లలకు కోపము రేపవద్దని చెప్పుట చిన్న మాట కాదు. కొలొస్సయులకు 3:21 దానికి కారణము కూడ చెప్పుచున్నది: పిల్లల మనస్సు క్రుంగిపోవును. ఇక్కడి గ్రీకు మాటలో ఉత్సాహము ఇంకిపోవుట, ధైర్యము సడలుట అను భావమున్నది. పిల్లవాని మనఃస్థితి తండ్రి ప్రవర్తనకు కొలమానముగా నిలబడిన అరుదైన పురాతన వాక్యములలో ఇది ఒకటి.

దావీదు అడగని ప్రశ్న

ఏలీని గూర్చిన ప్రసంగములు సాధారణముగా ఇట్లు ముగుస్తాయి: ఏలీ పిల్లలను చిన్నప్పుడు కొట్టలేదు, గనుక వారు చెడిపోయినారు; ‘మొక్కై వంగనిది మానై వంగునా’. ఈ సామెత ఎంత తరచుగా పులపీఠమునుండి వినబడుతుందంటే, సామెతలు 22:6 దానికి హెబ్రీ రూపమేమో అని విశ్వాసులు అనుకొనే స్థితి వచ్చినది. 1 సమూయేలు రెండవ అధ్యాయములో హొఫ్నీ, ఫీనెహాసులు చిన్నపిల్లలు కారు. ఫీనెహాసునకు భార్య ఉన్నది (4:19), ఇద్దరును బలిపీఠమువద్ద ఉద్యోగము చేయుచున్న యాజకులు. వారి చిన్నతనమును గూర్చి గ్రంథము ఒక్క మాటయు చెప్పలేదు. ఏలీ వారిని అడిగినాడు కూడ (2:23). కాని అప్పటికి అతడు మిక్కిలి వృద్ధుడు, ఊరంతయు చెప్పిన తరువాత అడిగినాడు, అడిగిన తరువాత వారిని ఉద్యోగమునుండి తొలగించలేదు. అతని మీద మోపబడిన నేరము దేవునికంటె కుమారులను గొప్ప చేసినాడని (2:29). ఇది బెత్తము కథ కాదు. అయోగ్యులైన కుమారులను పరిచర్యలో కొనసాగించిన పెద్ద యాజకుని కథ. సంఘపు ఆస్తులు, అధికారము తండ్రినుండి కొడుకుకు పోతున్న ఈ దినములలో దీనిని బెత్తము కథగా మార్చుకొనుట మనకు ఎంత అనుకూలమో పాఠకులు గ్రహించగలరు.

ఆ ఇంటిలోనే పెరిగిన ఇంకొక బాలుని మనము మరచిపోతాము. సమూయేలును పెంచినది కూడ ఏలీయే. రాత్రి మూడుసార్లు నిద్ర లేపిన పిల్లవానిని అతడు కసరలేదు. మూడవసారికి గ్రహించి, ఎట్లు ఉత్తరమియ్యవలెనో నేర్పినాడు. తెల్లవారిన తరువాత ఏమి విన్నావని అడిగినాడు, దాచవద్దన్నాడు, తనకే విరోధమైన తీర్పును ఆ పిల్లవాని నోట విని అంగీకరించినాడు (3:17, 18). తన కుమారుల విషయములో ఓడిపోయిన తండ్రి ఇక్కడ పిల్లవానిని అడిగి, వినినాడు.

ఇప్పుడు 1 రాజులు 1:6. అదోనీయా రాజు కావలెనని రథములను గుఱ్ఱములను సమకూర్చుకొనుచున్నప్పుడు గ్రంథకర్త ఒక్క వాక్యములో దావీదు తండ్రితనమును తూచినాడు. ఎందుకిట్లు చేసితివి అని ఎన్నడును అడిగి అతనిని నొప్పించలేదట. కథనము ఇక్కడ ఆగి ఈ మాట చెప్పవలసిన అవసరము లేదు. రాజకీయ కథ అది లేకుండనే నడుస్తుంది. అయినను చెప్పినది. దావీదు కొట్టలేదని గ్రంథకర్త ఫిర్యాదు చేయడము లేదు, అడగలేదని చేయుచున్నాడు. వెనుకకు వెళ్ళి చూస్తే ఇది దావీదు ఇంటి అలవాటు. తామారుకు జరిగిన ఘోరమును విని మిక్కిలి కోపపడినాడు (2 సమూయేలు 13:21), అంతటితో ఆగినాడు. అమ్నోనును పిలిచి అడగలేదు, తామారు ముఖము చూడలేదు. అబ్షాలోము గెషూరులో మూడేండ్లు ఉన్నాడు. తిరిగి వచ్చి అదే యెరూషలేములో రెండేండ్లు రాజు ముఖము చూడకుండ ఉన్నాడు (14:28). ఒకే పట్టణములో, తండ్రి ఇంటికి నడిచిపోగల దూరములో. చివరకు ముద్దుపెట్టుకున్నాడే గాని మాటలాడుకున్నట్టు లేదు. 18వ అధ్యాయపు చివర ఆ ఏడ్పు మనకు కంఠస్థము. ఆ ఏడ్పునకు ముందు జరగవలసిన సంభాషణలు ఎన్ని జరగలేదో లెక్కపెట్టే ప్రసంగము మేము వినినది లేదు.

దీనికి ఎదురుగా లూకా 2:48 పెట్టి చదువవలెను. పండ్రెండేండ్ల కుమారుడు మూడు దినములు కనబడలేదు. తల్లి దొరికిన వెంటనే అడిగినది ఎందుకు ఇట్లు చేసితివి అని. దావీదు అడగని ప్రశ్న అక్షరాల అదే. అందులో ఆమె తన దుఃఖమును కూడ దాచలేదు. కుమారుడు జవాబిచ్చినాడు. ఆ జవాబు వారికి అర్థము కాలేదని లూకా నిజాయితీగా వ్రాసినాడు (2:50). అర్థము కాని జవాబును ఆమె ఎదిరింపుగా తీసుకొనలేదు, భద్రము చేసుకున్నది. ఆ పిల్లవాడు దేవాలయములో దొరికినప్పుడు చేయుచున్న పని కూడ ఆలకించుట, ప్రశ్నలడుగుటయే. అడిగే ఇంటిలో పెరిగినవాడు అడుగును.

పాత నిబంధనలో పెంపకమునకు ఆధారమైన చోట్లన్నిటిలోను ఈ ప్రశ్న ఉన్నది. నిర్గమకాండము 12:26, ద్వితీయోపదేశకాండము 6:20, యెహోషువ 4:6. మూడింటిలోను ముందు నోరు తెరచేది పిల్లవాడు. పస్కా ఏమిటి, కట్టడలు ఏమిటి, ఈ రాళ్ళు ఏమిటి? తండ్రి బోధ అతని ప్రశ్నకు జవాబుగా వస్తుంది. గుంటూరు ప్రాంతపు లూథరన్ సంఘములకు ఇది పరాయి సంగతి కాదు. 1529 నాటి చిన్న ప్రశ్నోత్తరిలో లూథరు ప్రతి ఆజ్ఞ తరువాత దీని భావమేమిటి అని అడిగించినాడు. అది ఇంటి యజమాని ఇంటివారికి నేర్పుటకు వ్రాసినది, బడికి మాత్రమే కాదు. ఆయన చిన్ననాటి అనుభవము ఆయనకు మరపురాలేదు. ఒక కాయ విషయములో తల్లి రక్తము వచ్చేటట్టు కొట్టినదని, తండ్రి కొట్టినందున తాను పారిపోయి చాలాకాలము దగ్గరకు రాలేకపోయినానని బల్లవద్ద సంభాషణలలో చెప్పుకున్నాడు. బెత్తము ప్రక్కన ఆపిల్ పండు కూడ ఉండవలెనన్నది ఆయన అభిప్రాయము. మనవద్దకు వచ్చేసరికి ప్రశ్నోత్తరి జవాబును కంఠస్థము చేయించి నిర్ధారణకు నిలబెట్టే పుస్తకముగా మిగిలినది. ప్రశ్న పెద్దవారిది, జవాబు అచ్చువేసినది. ఇక పిల్లవానికి అడిగే పని లేదు.

మిరప కోతలలో ద్వితీయోపదేశకాండము

6:7లో నాలుగు సమయములున్నవి: ఇంట కూర్చుండుట, త్రోవలో నడుచుట, పండుకొనుట, లేచుట. బోధ అంతయు ఈ నాలుగు వేళలలో మాటలాడుటగా చెప్పబడినది. మాటకు మనుష్యులు ఒకచోట ఉండవలెను. ఇక్కడే మన బోధ పెదకాకాని పొలములను చూడవలసి ఉన్నది.

కోతల కాలము మొదలైనది మొదలు ఏప్రిల్ వరకు మిరప కూలికి వెళ్ళే తల్లి ఇంట కూర్చుండదు. తెల్లవారకముందే వంట ముగించి కూలి ఆటో ఎక్కుతుంది. త్రోవలో నడుచుట అంటే ఆ ఆటోలో ఇరుకుగా కూర్చుండుటే, పిల్లవాడు ప్రక్కన ఉండడు. సాయంత్రము వచ్చేసరికి చేతులు మంట. మిరపకాయ కోసిన చేతితో బిడ్డ ముఖము తుడవకూడదు, కంటికి తగిలితే ఏడుపు ఆగదు. ఆ తల్లికి ఆదివారము మనము సామెతలు 29:15 చదివి, తల్లి స్వేచ్ఛగా విడిచిన బాలుని గూర్చి హెచ్చరిస్తాము. ఆమె విడువలేదు, కూలి విడిపించినది.

వలస వచ్చినవారి స్థితి వేరు. కర్నూలు జిల్లా పడమటి మండలములనుండి, ముఖ్యముగా కోసిగి, ఆదోని, మంత్రాలయము ప్రాంతములనుండి కుటుంబములు ప్రతి ఏటా పత్తి, మిరప కోతలకు గుంటూరు పొలములకు వస్తాయి. కొందరు పిల్లలు పొలము గట్టున వేసిన గుడారములో, కొందరు సొంత ఊరిలో ముసలివారి దగ్గర. సర్వశిక్షా అభియాన్ కాలములో ఇట్టి పిల్లల కొరకు వలస కాలపు వసతి గృహములు పెట్టినారు. ఆ పిల్లల పెంపకము అమ్మమ్మ, నాయనమ్మల చేతిలో ఉన్నదంటే తిమోతి అవ్వ లోయి మనకు గుర్తు రావలెను. కాని ‘తల్లిదండ్రులారా’ అని మొదలయ్యే మన సదస్సులో ఆ ముసలమ్మకు కుర్చీ లేదు.

తండ్రి సంగతి. ఈ నేలమీద తండ్రి కోపమునకు ధర పట్టిక ఉన్నది. అది మిర్చి యార్డులో వ్రేలాడుతుంది. 1997–98లో పత్తికి పురుగు పట్టి రాష్ట్రములో రైతులు ప్రాణములు తీసుకున్నప్పుడు, 2021–22లో నల్ల తామర పురుగు మిరప పూతను తినివేసినప్పుడు, కౌలు కట్టి పంట పోగొట్టుకున్నవాడు ఆ కోపమును పురుగుల మందు కొట్టువాని మీద చూపలేడు, అప్పు ఇచ్చినవాని మీద చూపలేడు. ఇంటిలో అందుబాటులో ఉన్నవాడు పిల్లవాడు. ఆ తండ్రి చేతికి లేఖనముతో బెత్తము అందించుట ఎట్టి పనియో మనము ఆలోచించితిమా? 2007లో కేంద్ర ప్రభుత్వము ప్రచురించిన బాలల వేధింపుల అధ్యయనము ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను విచారించినది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు లోనైనారు. కుటుంబములో దెబ్బలు తిన్నవారిలో 88.6 శాతమును కొట్టినది తల్లిదండ్రులే. మన సంఘపు పిల్లలు ఈ లెక్కకు బయట ఉన్నారని అనుకొనుటకు మాకు ఆధారమేదియు కనబడలేదు.

బడిలో బెత్తము చట్టరీత్యా పోయినది. 2002లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, 2010లో అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము దానిని నిషేధించినవి. పంతులు చేతినుండి జారిన బెత్తమును పులపీఠము భద్రపరచి ఉంచుట విచారకరము.

ఇంకొక విధమైన బోధ పట్టణ సంఘములలో బయలుదేరినది: పవర్‌పాయింటుతో వచ్చే కుటుంబ సదస్సులు. వాటిలో అమెరికా గ్రంథముల ఛాయ చాల ఉన్నది. జేమ్స్ డాబ్సన్ ‘డేర్ టు డిసిప్లిన్’ 1970లో వెలువడినది. హద్దులు వదలివేసిన అమెరికా ఇండ్లకు విరోధముగా వ్రాసిన పుస్తకమది. దాని మంచిచెడ్డలు అక్కడివారు తేల్చుకొందురు. ఇక్కడి పిల్లవానికి ఉన్న జబ్బు మితిమీరిన స్వేచ్ఛ కాదు. ఒకరి జబ్బుకు వ్రాసిన మందు చీటి మరొకరికి ఇచ్చినట్టున్నది. పరాయి గ్రంథములు వద్దని మేము అనము. నాల్గవ శతాబ్దపు చివర క్రిసోస్టమ్ పిల్లల పెంపకముపై వ్రాసిన చిన్న గ్రంథమును ఎవరైనా తెలుగు చేస్తే మేలు. ఎడతెగక కొట్టవద్దని, అలవాటైన దెబ్బను పిల్లవాడు లక్ష్యపెట్టడని ఆయన హెచ్చరించినాడు. రాత్రి భోజనపు వేళ తండ్రి కయీను హేబెలుల కథ చెప్పవలెననియు, తల్లి ప్రక్కన కూర్చుండవలెననియు, కొన్ని దినముల తరువాత ఆ కథను పిల్లవానిచేతనే చెప్పించవలెననియు సలహా ఇచ్చినాడు. అది అంతియొకయ పట్టణపు సంపన్నుల ఇంటిని చూచి వ్రాసినదే. కాని రాత్రి కంచము ముందు చెప్పే కథకు డబ్బు పట్టదు.

పిల్లవాని త్రోవ

సామెతలు 22:6ను తెలుగులో చదివినప్పుడు ‘నడువవలసిన’ అను మాట మీద భారము పడుతుంది. హెబ్రీలో అక్కడ ఉన్నది అల్ పీ దర్కో, అంటే ‘వాని త్రోవనుబట్టి’. ఏ త్రోవ? దేవుడు నియమించిన మంచి త్రోవ అని కొందరు, వాని వయస్సుకు స్వభావమునకు తగినది అని కొందరు, వానిని వాని త్రోవకే వదలిపెడితే అదే స్థిరపడుతుందన్న హెచ్చరిక అని మరికొందరు వ్యాఖ్యానించినారు. మొదటి అర్థమును మేము త్రోసివేయము. కాని రహదారి వెంట రెసిడెన్షియల్ కళాశాలలు ఉన్న మండలములో ఆ వచనము ఎట్లు వినబడునో చూడుడి. పదవ తరగతి ఫలితము వచ్చిన వారములో యం.పి.సి.యా బై.పి.సి.యా అన్నది తండ్రి, మేనమామ, కళాశాల ప్రచారకుడు కలిసి నిర్ణయిస్తారు. పిల్లవాడు నడువవలసిన త్రోవ ఫీజు రసీదు మీద వ్రాయబడి ఉంటుంది. మనము ఆ సీటు కొరకు కృతజ్ఞతా ప్రార్థన చేసి, 22:6 చదువుతాము.

ఇది తేలికగా తీర్పు తీర్చదగిన సంగతి కాదు. 1842లో హయ్యర్ గుంటూరు వచ్చిన నాటినుండి మన ప్రాంతములో అక్షరము అంటే ఇంటినుండి బయలుదేరుటయే. మిషను బోర్డింగు లేకుండ మాల, మాదిగ పిల్లలకు బడి గడప దక్కేది కాదు. పొలమునుండి, వెట్టినుండి తప్పించినది ఆ ట్రంకుపెట్టెయే. బిడ్డను పంపివేయుట ప్రేమ అని మన తాతలు నేర్చుకున్నది అక్కడ, అది నిజము కూడ. ఆ జ్ఞాపకము మీదనే నేటి కార్పొరేటు హాస్టలు వ్యాపారము చేయుచున్నది. అప్పటి బోర్డింగులో కనీసము సాయంత్ర ప్రార్థన, అడిగే వార్డెనమ్మ ఉండేవారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితముల గందరగోళము తరువాత ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసుకున్నప్పుడు, మనము మార్కుల తప్పులను గూర్చి మాటలాడితిమి. ఫెయిలైన పిల్లవాడు ఇంటికి ఫోను చేసి చెప్పుటకు ఎందుకు భయపడెనో, అట్టి భయము మన ఇండ్లలో ఎంత ఉన్నదో విచారించలేదు.

పాస్టరుగారి ఇల్లు

1 తిమోతికి 3:4ను మనము మన పిల్లల మీదనే ఎక్కువ కఠినముగా ప్రయోగిస్తాము. పాస్టరుగారి అబ్బాయి క్రాఫు, పాస్టరుగారి అమ్మాయి ఫోను సంఘపు పెద్దల చర్చకు వస్తాయి. తండ్రి ఇంటికి వచ్చి ఆ చర్చను బెత్తముగా మారుస్తాడు. ఆ వచనములోని ‘మాన్యత’ పిల్లల నెత్తిన పెట్టవలసినదే అని అందరు వ్యాఖ్యాతలు ఒప్పుకొనరు; అది తండ్రి ప్రవర్తించవలసిన తీరును చెప్పుచున్నదని చదువుటకు వాక్య నిర్మాణము చోటిస్తుంది. తన ఇంటివారిని గౌరవముగా నడిపించువాడు అని. పిల్లవాడు సందేహమడిగినప్పుడు ‘పాస్టరు కొడుకువై ఉండి ఇట్లు అడుగుతావా’ అను మాట ఎన్ని పరిచర్య గృహములలో వినబడుచున్నదో పాఠకులకు మాకంటె ఎక్కువ తెలియును. ద్వితీయోపదేశకాండము 6:20 అట్టి ప్రశ్న కొరకే కాచుకొని ఉన్నది.

సమయమును గూర్చి కూడ చెప్పవలెను. మంగళవారము గృహ కూడిక, శుక్రవారము ఉపవాస ప్రార్థన, నెలకొక రాత్రంతా ప్రార్థన, ఆదివారము రెండు ఆరాధనలు. కూలి తల్లికి మిగిలిన సాయంత్రములలో సగము సంఘమే తీసుకొనుచున్నది, తరువాత ఆ ఇంటిలో కుటుంబ ప్రార్థన ఎందుకు లేదని అడుగుచున్నది. కోతల నెలలలోనైనా వారమునకు ఒక సాయంత్రపు కూటమును మానివేసి, ఆ వేళ ఇంటిలోనే పిల్లలను అడుగుటకు వదలమని మేము సూచిస్తున్నాము. ఆ వారము ఆదివారపు ప్రసంగములో రెండు ప్రశ్నలు ఇస్తే చాలును.

హాస్టలు పిల్లలను చూచుటకు అనుమతించే దినము చాల చోట్ల ఆదివారమే. పొద్దుననే టిఫిను డబ్బా కట్టుకొని రహదారిమీద బస్సు ఎక్కే తండ్రి, తల్లి ఆ రోజు ఆరాధనకు రారు. గేటువద్ద వరుసలో నిలబడి, పిల్లవాడు వచ్చిన తరువాత చెట్టు క్రింద కూర్చుండి అన్నము పెడతారు. చాలమంది అడిగేది మొదట మార్కులు, రెండవది ఆరోగ్యము. మన హాజరు పుస్తకములో ఆ కుటుంబము రాలేదని పడుతుంది. వారు బయలుదేరుటకు ముందు శనివారము రాత్రి కాపరి ఆ ఇంటికి వెళ్ళి, మార్కులకు ముందు అడగదగిన ప్రశ్న ఏదో వారితో కూర్చుండి ఆలోచించి, ఆ గేటువరకు వారి కొరకు ప్రార్థించి పంపవచ్చును. సోమవారము మళ్ళీ వెళ్ళి, ఏమి చెప్పినాడని అడగవచ్చును.